నీటి అడుగున ఉద్యోగం చేసినవాళ్లు



నవంబరు 30న ఇక్కడ యూఏఈలో అమరవీరుల సంస్మరణ దినం జరుపుతారు. డిసెంబరు 2 జాతీయ దినోత్సవం. ఆ వెంటనే డిసెంబరు 4న మన నేవీ డే, 8న సబ్‌మెరైన్ డే. విశాఖపట్నం నుంచి వచ్చి దుబాయ్‌లోనో, షార్జాలోనో, అబుదాబిలోనో బతుకుతున్న మాబోటి వాళ్లకు ఈ తేదీలన్నీ ఒక వరుసలో వస్తాయి. అందుకని ఈ వారం ప్రసంగానికి సబ్‌మెరైన్లలో పనిచేసి కన్నుమూసిన నావికుల సంగతి ఎంచుకున్నాను. వాళ్లలో యుద్ధంలో పోయినవాళ్లున్నారు, ప్రమాదాల్లో పోయినవాళ్లున్నారు. రిటైరై, మనవల్ని ఎత్తుకుని, ఇంట్లో మంచం మీద పోయినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ చివరివాళ్ల గురించే నాకు బెంగ ఎక్కువ. ఎందుకో వరసగా చెప్తాను.

మనకు దగ్గరున్న సముద్రంతో మొదలుపెడదాం. సెలవు రోజుల్లో పిల్లల్ని కారెక్కించుకుని ఖోర్‌ఫక్కాన్ వెళ్లని తెలుగు కుటుంబం ఇక్కడ బహుశా లేదు. 2019లో కొత్త రోడ్డు వేశాక షార్జా నుంచి కొండల మధ్యగా, సొరంగాలు దాటుకుంటూ ఇట్టే వెళ్లిపోతున్నాం. ఒడ్డున కూర్చుని తెచ్చుకున్న పులిహోర తింటూ దూరంగా నిలబడ్డ ట్యాంకర్లను చూస్తాం. ఆ నీళ్లలోనే, ఫుజైరా తీరానికి దూరంగా, 108 మీటర్ల లోతున ఒక జర్మన్ సబ్‌మెరైన్ పడి ఉంది. దాని పేరు యూ-533.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. 1943 జులైలో ఫ్రాన్స్‌లోని లోరియాంట్ రేవు నుంచి అది బయల్దేరింది. హిందూ మహాసముద్రంలో చమురు ఓడల్ని వేటాడమని పంపిన బృందంలో అదొకటి. ఆఫ్రికా చుట్టూ తిరిగి ఒమన్ సింధుశాఖ దాకా వచ్చింది. అక్టోబరు 16న షార్జా నుంచి ఎగిరిన బ్రిటిష్ వైమానిక దళం విమానం ఒకటి దాన్ని చూసి డెప్త్ చార్జీలు, అంటే నీటి లోతులో పేలే బాంబులు, వేసింది. ఆ విమానం 244వ స్క్వాడ్రన్‌ది. షార్జాలో ఇప్పుడు కింగ్ అబ్దుల్ అజీజ్ స్ట్రీట్ అని పిలుస్తున్న వీధి ఆనాటి రన్‌వే. పాత విమానాశ్రయం భవనం అల్ మహట్టా మ్యూజియం అయింది. ఆ వీధిలో రోజూ మన కార్లు ఆగుతుంటాయి, సిగ్నల్ పడుతుంటుంది. డెబ్భై ఏడు మీటర్ల పొడవున్న ఒక సబ్‌మెరైన్ చావు అక్కడినుంచే రెక్కలు కట్టుకుని బయల్దేరిందని మనలో చాలామందికి తెలియదు.

అందులో 53 మంది ఉన్నారు. 52 మంది పోయారు. గుంథర్ ష్మిట్ అనే నావికుడు ఒక్కడే, మునుగుతున్న సబ్‌మెరైన్ టవర్ మూత తెరుచుకుని పైకి తేలాడు. ఒంటిమీద లైఫ్ జాకెట్ లేదు. 28 గంటలు నీళ్లలో ఈదుతూ, తేలుతూ, ఖోర్‌ఫక్కాన్ దగ్గరికి చేరాడు. అతన్ని పట్టుకుని ప్రాణాలు కాపాడింది హెచ్‌ఎంఐఎస్ హీరావతి, అంటే అప్పటి రాయల్ ఇండియన్ నేవీ ఓడ. శత్రు సైనికుణ్ణి నీళ్లలోంచి పైకి లాగినవాళ్లు మనవాళ్లు. ఆ ఓడ మీద తాడు విసిరిన చెయ్యి ఎవరిదో నాకు ఎక్కడా దొరకలేదు. అది నన్ను కలచివేసే సంగతి. మునిగినవాడి పేరు ఉంది, తీసినవాడి పేరు లేదు.

యూ-533 ఒక్క ఓడనూ ముంచలేకపోయింది. 66 ఏళ్లు ఎవరి కంటా పడలేదు. 2009లో ఇక్కడి డైవర్లు వెతికి పట్టుకున్నారు. 108 మీటర్లంటే మామూలు ఈతగాళ్లు వెళ్లే లోతు కాదు. ప్రత్యేకమైన గాలి మిశ్రమాలు వీపున కట్టుకుని దిగాలి. అడుగున ఉండేది కొద్ది నిమిషాలే అయినా పైకి రావడానికి గంటలు పడుతుంది. తొందరపడితే ఒంట్లో రక్తం నురగ కడుతుంది. అంత కష్టపడి దిగి చూసింది 52 మంది సమాధిని.

జర్మనీలో కీల్ నగరం దగ్గర మోల్టెనార్ట్ అనే చోట సబ్‌మెరైన్ నావికుల స్మారకం ఉంది. కంచు పలకల మీద, ఏ సబ్‌మెరైన్‌లో ఎవరు పోయారో పేరుపేరునా చెక్కించారు. యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్లు ఎక్కినవాళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు తిరిగి రాలేదు. వాళ్లు పోరాడింది హిట్లర్ కోసం, అది మరిచిపోకూడదు. ఇరవై ఏళ్ల కుర్రాళ్ల తల్లుల దుఃఖమూ మరిచిపోకూడదు. అమెరికా వాళ్లకు మరో ఆచారం ఉంది. ఆ యుద్ధంలో వాళ్లు పోగొట్టుకున్న సబ్‌మెరైన్లు 52, మనుషులు మూడున్నర వేల పైచిలుకు. సబ్‌మెరైన్లలో పనిచేసి రిటైరైన పెద్దలంతా ఒకచోట చేరి, ఒక్కో సబ్‌మెరైన్ పేరు చదువుతారు, ఒక్కోసారి గంట కొడతారు. 52 పేర్లు, 52 గంటలు. ఆ తర్వాత తమ ఊళ్లో ఆ ఏడాది వయసు మీద పడి పోయిన సహచరుల పేర్లూ చదువుతారు. యుద్ధంలో పోయినవాడూ, ఆస్పత్రిలో పోయినవాడూ ఒకే జాబితాలోకి వస్తారు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది.

ఇప్పుడు మన విశాఖకు వద్దాం.

1967 డిసెంబరు 8న, సోవియట్ యూనియన్‌లోని రీగా రేవులో, కమాండర్ కె. ఎస్. సుబ్రమణియన్ నాయకత్వంలో ఐఎన్‌ఎస్ కల్వరి మన నౌకాదళంలో చేరింది. మన మొదటి సబ్‌మెరైన్ అదే. అందుకే ఆ తేదీ సబ్‌మెరైన్ డే అయింది. సూయెజ్ కాలువ అప్పుడు మూసేసి ఉంది. ఆఫ్రికా చుట్టూ తిరిగి 1968 జులైలో విశాఖపట్నం చేరింది. అంతకుముందే మన నావికులు రష్యా వెళ్లి, రష్యన్ భాష నేర్చుకుని, ఆ యంత్రాల మీద శిక్షణ పొందారు. ఒక్కో వాల్వు పేరు, ఒక్కో మీట పేరు రష్యన్‌లోనే కంఠతా పట్టారు. తర్వాత ఖందేరి, కరంజ్, కుర్సురా వచ్చాయి. 1971 మే నెలలో సబ్‌మెరైన్ల స్థావరంగా ఐఎన్‌ఎస్ వీరబాహు విశాఖలో మొదలైంది. శిక్షణ కోసం ఐఎన్‌ఎస్ శాతవాహన వచ్చింది. మల్కాపురం, సింధియా, గాజువాక వైపు కుటుంబాల్లో సబ్‌మెరైన్ ఉద్యోగం ఇంటి మాట అయిపోయింది.

ఆ ఉద్యోగం ఎలాంటిదో చూడాలంటే ఆర్కే బీచ్‌లో ఐఎన్‌ఎస్ కుర్సురా ఎక్కాలి. 1969 డిసెంబరు 18న దళంలో చేరి, 31 ఏళ్లు పనిచేసి, 73,500 నాటికల్ మైళ్లు తిరిగి, 2001 ఫిబ్రవరి 27న రిటైరైంది. పాకిస్తాన్‌తో 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. దాన్ని సముద్రంలోంచి ఒడ్డుకు లాగి ఇసుక మీద నిలబెట్టి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. మనందరం ఎక్కాం, ఫొటోలు దిగాం. ఈసారి వెళ్తే ఒక పని చేయండి. మధ్యలో గుండ్రటి తలుపులు వస్తాయి కదా, అక్కడ ఒక్క నిమిషం ఆగండి. ముందు కాలు పెట్టాలి, తర్వాత నడుం వంచాలి, చివరికి తల. అలవాటు లేనివాళ్లకు పట్టపగలు, లైట్ల వెలుగులో కూడా నుదురు తగులుతుంది. చీకట్లో, సైరన్ మోగుతుంటే, పడుకున్నవాడు లేచి అందులోంచి పరిగెత్తాలి. ఏ గదిలో నీళ్లు వస్తే ఆ గది తలుపు ఇటువైపు వాళ్లు మూసేయాలి. లోపల ఎవరున్నా సరే మూసేయాలి. ఆ నియమం తెలిసే అందరూ అందులోకి దిగుతారు.

91 మీటర్ల పొడవు గొట్టంలో 75 మంది ఉండేవాళ్లు. టార్పీడోల పక్కనే పడకలు. ఒకడు డ్యూటీకి లేస్తే ఆ వెచ్చటి పడక మీదే ఇంకొకడు నడుం వాల్చాలి. మంచినీళ్లు తాగడానికీ, వంటకీ మాత్రమే. స్నానం వారాల తరబడి లేదు. మన నీళ్లలో లోపలంతా ఉక్క. డీజిల్ వాసన బట్టలకు పట్టి, బట్టల్లోంచి చర్మానికి పట్టి, ఇంటికొచ్చాక రోజుల తరబడి వదిలేది కాదు. చాలామంది భార్యలు ఆ బట్టల్ని ఇంట్లోకి రానివ్వక పెరట్లోనే బకెట్లో వేయించేవాళ్లు.

ఇక బ్యాటరీలు. నీటి అడుగున సబ్‌మెరైన్ నడిచేది వాటితోనే. అవి చార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. ఎప్పటికప్పుడు బయటకు పంపకపోతే ఒక్క నిప్పురవ్వ చాలు. 2010 ఫిబ్రవరిలో విశాఖలోనే ఐఎన్‌ఎస్ సింధురక్షక్‌లో బ్యాటరీల దగ్గర పేలుడు జరిగి ఒక నావికుడు చనిపోయాడు. దాన్ని రష్యా పంపి బాగుచేయించి తెచ్చారు. 2013 ఆగస్టు 14న, అర్ధరాత్రి దాటాక, ముంబయి డాక్‌యార్డులో అదే సబ్‌మెరైన్ పేలిపోయి మునిగింది. లోపల ఉన్న 18 మందీ పోయారు. మర్నాడే స్వాతంత్ర్య దినోత్సవం. ఆ 18 పేర్లలో మన తెలుగు పిల్లల పేర్లు కూడా ఉన్నాయి. దేహాలను గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది.

ఈ మాట వింటున్న మీకు ఆ కుటుంబాల బాధ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ పోయిన మనిషిని ఊరికి పంపడానికి కాగితాలు పట్టుకుని దుబాయ్ సోనాపూర్‌లో ఎంబామింగ్ సెంటర్ చుట్టూ తిరిగినవాళ్లు మనలో ఉన్నారు. ఊళ్లో అమ్మ ఫోన్ చేసి ‘ఎప్పుడొస్తాడు నాయనా’ అని అడిగితే జవాబు చెప్పలేక ఫోన్ పక్కవాళ్లకి ఇచ్చినవాళ్లున్నారు. దేహం ఇంటికి చేరేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. సింధురక్షక్ నావికుల ఇళ్లలో ఆ ఎదురుచూపులు రోజుల్లో తేలలేదు. సబ్‌మెరైన్‌ని పూర్తిగా పైకి తీసేసరికి 2014 జూన్ వచ్చింది.

ఘాజీ మాట చెప్పకుండా విశాఖ మాట పూర్తికాదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి. యూఏఈ పుట్టి అప్పటికి సరిగ్గా ఒక్క రోజు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ పీఎన్‌ఎస్ ఘాజీ మన తీరంలో మునిగిపోయింది. 93 మంది పోయారు, ఒక్కరూ మిగల్లేదు. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలే కారణమని మనవాళ్లు చెప్తారు. లోపలే జరిగిన పేలుడని, వాళ్ల సొంత మైన్లేనని పాకిస్తాన్ వాళ్లంటారు. ఆ యుద్ధంలో విశాఖ జనం కిటికీలకు నల్లకాగితాలు అంటించుకున్నారు, కొందరు ఊరు వదిలి వెళ్లిపోయారు. మా ఇళ్లలో పెద్దవాళ్లు ఆ రాత్రి అద్దాలు అదిరిన సంగతి చెప్తూనే ఉంటారు. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ఆ యుద్ధ విజయానిదే.

ఘాజీని తల్చుకుంటే విశాఖవాడిగా నాకు గర్వమే. అదే సమయంలో ఇక్కడ దుబాయ్‌లో నా పక్క గదిలో, నేనెక్కే టాక్సీలో, నా పిల్లల స్కూలు బస్సులో ఉన్నది కరాచీవాళ్లు, పెషావర్‌వాళ్లు. ఆ 93 మందిలో ఎవరిదో ఒక కుటుంబం మనతోపాటు ఇదే ఊళ్లో నెల నెలా డబ్బు పంపుతూ ఉండొచ్చు. 2024లో మన నౌకాదళం తన లోతైన నీళ్ల రెస్క్యూ వాహనంతో విశాఖ తీరంలో ఘాజీ శిథిలాలను మళ్లీ గుర్తించింది. గుర్తించి, ముట్టుకోకుండా వదిలేసింది. అందులో పోయినవాళ్ల పట్ల మర్యాదగా అలాగే ఉంచామని చెప్పింది. ఆ వార్త చదివిన రోజు మన నేవీ మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. శత్రువుని ముంచడంలోనే కాక, మునిగినవాణ్ణి కదిలించకపోవడంలో కూడా ఒక పెద్దరికం ఉంది. హీరావతి నావికులు ఖోర్‌ఫక్కాన్‌లో చేసిన పనికీ దీనికీ నాకు ఒక సంబంధం కనిపిస్తుంది.

ఇక మొదట చెప్పిన బెంగ.

మల్కాపురంలో మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. మేమంతా ‘నేవీ తాతగారు’ అనేవాళ్లం. ఏ ఇంట్లోకి వెళ్లినా గుమ్మం ఎంత ఎత్తున్నా తల వంచే వెళ్లేవారు. పిల్లలం నవ్వుకునేవాళ్లం. చెంబుడు నీళ్లతో మొహం, చేతులు, కాళ్లు కడుక్కుని, ఇంకా చెంబులో నీళ్లు మిగిల్చేవారు. కుళాయి కారుతుంటే ఎవరిల్లైనా సరే లేచి వెళ్లి కట్టేసేవారు. నిద్రలో చిన్న చప్పుడైనా లేచి కూర్చునేవారట. కుర్సురా లాంటి ఫాక్స్‌ట్రాట్ తరగతి సబ్‌మెరైన్లలో పనిచేశారని మాకు తెలుసు. అంతకుమించి ఒక్క ముక్క తెలియదు. ఎక్కడికెళ్లారు, ఏం చూశారు అని అడిగితే, ‘నీళ్లు చూశాంరా, ఇంకేముంటాయి అక్కడ’ అనేవారు. వాళ్లకు నేర్పినదే అది. సెయిలింగ్‌కు వెళ్లేటప్పుడు ఎక్కడికో, ఎన్నాళ్లకో భార్యకు కూడా చెప్పకూడదు. రిటైరయ్యాక కూడా ఆ తాళం అలాగే ఉండిపోయింది.

ఆయన పోయినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. వాట్సాప్‌లో పెద్దకర్మ కార్డు వచ్చింది. ఫొటో, పూలదండ, కింద పేరు, బ్రాకెట్లో ‘రిటైర్డ్ నేవీ ఉద్యోగి’. కొడుకులు, కోడళ్లు, మనవలు, అల్లుళ్ల పేర్లన్నీ ఉన్నాయి. ఏ సబ్‌మెరైన్‌లో పనిచేశారో లేదు. ఎన్నేళ్లు నీటి అడుగున గడిపారో లేదు. ఛాతీమీద రెండు డాల్ఫిన్ల బ్యాడ్జి ఉండేదని లేదు. ఆ బ్యాడ్జి ఊరికే ఇవ్వరు. సబ్‌మెరైన్‌లో ప్రతి గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో, ఏ వాల్వు ఎటు తిప్పితే ఏమవుతుందో, వంటవాడితో సహా అందరూ తెలుసుకుని పరీక్ష పాసవ్వాలి. ఒకడి తప్పు అందరి ప్రాణాలమీదికి వస్తుంది కనుక. అంత సంపాదన కార్డులో ఒక్క పంక్తికి నోచుకోలేదు. కొడుకుల్ని తప్పుపట్టను. వాళ్లకూ తెలియదు.

కల్వరి మొదటి తరం నావికులు 1967లో ఇరవైల్లో ఉన్నారు. ఇవాళ బతికున్నవాళ్లు ఎనభైకి దగ్గరపడ్డవాళ్లు, దాటినవాళ్లు. ఐఎన్‌హెచ్‌ఎస్ కల్యాణి నేవీ ఆస్పత్రిలో, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ క్లినిక్కుల్లో బీపీ చూపించుకుంటూ, బెంచీల మీద కూర్చుని ఉన్నారు. కుర్సురాలో మ్యూజియం గైడ్లుగా మాజీ నావికుల్నే పెట్టారు కాబట్టి అక్కడికెళ్లినవాళ్లకు కొన్ని సంగతులైనా తెలుస్తున్నాయి. ఇళ్లలో ఉన్నవాళ్ల సంగతులు ఇళ్లతోనే పోతున్నాయి. కల్వరి పోయింది, 1996లో. అదే తరగతికి చెందిన వేలా, వాగ్లీ 2010లో. పాత తరం సబ్‌మెరైన్లు ఎన్నో తుక్కుగా మారిపోయాయి. కుర్సురా ఒక్కటే ఇసుక మీద మిగిలింది. ఇనుమును దాచుకున్నాం. మనుషుల జ్ఞాపకాలను దాచుకోలేదు.

రహస్యాలు అడగమని నేను చెప్పడం లేదు. ఎక్కడ గస్తీ తిరిగారో, ఎంత లోతుకు దిగారో మనకు అక్కర్లేదు, వాళ్లు చెప్పరు కూడా. రీగాలో మొదటి చలికాలం ఎలా గడిచిందో అడగండి. రష్యన్ టీచర్ తిట్టిన తిట్లు గుర్తున్నాయో లేదో అడగండి. లోపల వంటవాడు ఇడ్లీ చేసేవాడా, ఎన్నో రోజుకు కూరగాయలు అయిపోయి డబ్బా తిండి మొదలయ్యేదో అడగండి. మొదటిసారి నీళ్లలోకి దిగినప్పుడు ఏ దేవుడికి మొక్కారో అడగండి. అమ్మనూ అడగండి, మీ నాన్న సెయిలింగ్‌లో ఉండగా ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, తిరిగొచ్చేదాకా ఆ కబురు ఎలా దాచుకుందో. ఆ ఆడవాళ్ల కథ ఇంకొక ప్రసంగానికి సరిపోతుంది.

మీలో నేవీ పిల్లలు చాలామంది ఉన్నారని నాకు తెలుసు. నాన్న నేర్పిన క్రమశిక్షణతోనే ఇక్కడ డ్రైడాకుల్లో, రిగ్గుల మీద, రేవుల్లో నిలదొక్కుకున్నవాళ్లు. నాన్న బతికుంటే ఈ వారాంతంలో వీడియో కాల్‌లో ఒక గంట కూర్చోండి, ఫోన్‌లో రికార్డు పెట్టండి. నాన్న పోయి ఉంటే, ఆయన ట్రంకు పెట్టెలో సర్వీసు కాగితాలు ఉంటాయి, అందులో పనిచేసిన సబ్‌మెరైన్ల పేర్లు వరసగా ఉంటాయి. ఆ పేర్లు, సంవత్సరాలు ఒక కాగితం మీద రాసి, ఫొటో వెనక అంటించండి. మీ పిల్లలకు చదివి వినిపించండి. ఈసారి సంవత్సరీకానికి వేసే కార్డులో ఆ వరస చేర్చండి.

డిసెంబరు 8న వీరబాహులో సబ్‌మెరైన్ దళం తన అమరులకు పుష్పగుచ్ఛాలు ఉంచుతుంది. అదే రోజు సాయంత్రం మన కార్యక్రమం సమయంలో, మీరు పంపిన పేర్లు ఈ మైకులో చదువుతాను. పేరు, ఊరు, పనిచేసిన సబ్‌మెరైన్, అంతే. యుద్ధంలో పోయినా, ప్రమాదంలో పోయినా, ముసలితనంలో పోయినా ఒకే జాబితా. మీ ఇంట్లోవాళ్ల అనుమతి తీసుకుని 7వ తేదీ లోపు పంపండి. నేవీ తాతగారి పేరు వాళ్ల పెద్దబ్బాయి ఇప్పటికే పంపాడు. సర్వీసు పుస్తకం వెతికి, మూడు సబ్‌మెరైన్ల పేర్లూ రాశాడు.